గీతలో జానెడు సందు

ఎస్ఐ హరిప్రసాద్ వాచీ చూసుకుని, "పన్నెండింటికి ఈ పాపను తీసుకపోతా మేడమ్. అంతలోపల మీరేమి అడగల్లో అడగండి. ఆ తర్వాత నన్నేం అడగొద్దండి" అన్నాడు.

అప్పటికి పదీ ఇరవై అయింది. ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద హరిత కూర్చుని ఉంది. పక్కన ఒక మహిళా కానిస్టేబుల్. నిన్నటి నుంచి ఆ పిల్ల ముఖం కడుక్కున్నట్టు లేదు.

హరిప్రసాద్‌ది నల్లచెరువు. నాకంటే పదేళ్లు చిన్న. డిటెక్టివ్ శైలజ అంటే పెళ్లి సంబంధాల గురించి వాకబు చేసిపెట్టే మనిషి అని అతని అభిప్రాయం. హిందూపురంలో నా ఆఫీసుకు వచ్చే కేసుల్లో సగం అవే కాబట్టి కాదనను. కానీ అంతకుముందు పదిహేనేళ్లు నేను పోలీసు శాఖలోనే వేలిముద్రల నిపుణురాలిని. ఆ సంగతి తెలిసి కూడా తెలియనట్టు ఉంటాడు చూడండి, అందుకే అతన్ని చూస్తే నాకు ఒళ్లు మంట.

జరిగింది ఇది. పెనుకొండలోని ఈ ప్రైవేటు కాలేజీలో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ ఉంది. పోలీసు, జైలు, కోర్టు ఉద్యోగాల మీద ఆశపెట్టుకున్న పల్లె పిల్లలు చేరే కోర్సు. మూడో సంవత్సరంలో పద్దెనిమిది మంది. ప్రతి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి నా ప్రాక్టికల్ క్లాసు. ఒక గదిలో ఉత్తుత్తి నేరస్థలం తయారుగా ఉంటుంది. పిల్లలు లోపలికి వెళ్లి కొలతలు తీసి, పటం గీసి, పంచనామా రాయాలి. ఎవరినీ అడక్కుండా సొంత కళ్లతో చూడడం నేర్చుకోవాలని నేను కావాలనే నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తాను. శవం వేషం ఎప్పుడూ అటెండరు శామ్యూల్‌దే. ఎర్రరంగు పోసుకుని నేలమీద పడుకున్నాడంటే ఎవరెంత నవ్వించినా కదలడు. శవాన్ని తాకకూడదన్నది నేను పెట్టిన నియమం.

నిన్న పిల్లలు రెండింటికి వచ్చేసరికి శామ్యూల్ ఎప్పటిలాగే పడుకుని ఉన్నాడు. వాళ్లు టేపులు తీశారు. పటాలు గీశారు. "శామ్యూలన్న ఈపొద్దు బలే చేస్తాండాడు" అని ఎవరో మెచ్చుకున్నారట కూడా. రెండూ నలభైకి నేను వచ్చి చూస్తే తల కింద ఉన్నది రంగు కాదు. ఒక మనిషి నెత్తురు కారుతూ పడి ఉంటే, నలభై నిమిషాలు అందరూ చుట్టూ నిలబడి మార్కుల కోసం రాసుకున్నారు. నేను నేర్పిన చదువే అది. రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

శామ్యూల్ ఇప్పుడు హిందూపురంలో ఒక ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. దెబ్బ ఒంటిగంటన్నర ప్రాంతంలో తగిలి ఉంటుందని డాక్టరు చెప్పాడు. కొట్టినవాళ్లు మళ్లీ వస్తారేమోనని కూతురు మేరీ వణికిపోతోంది. అందుకే పొద్దున ఏడింటికి మా వెంకటేశులు సార్‌ను బతిమాలి ఆ మంచం పక్కన కూర్చోబెట్టి వచ్చాను. ఆయన రిటైరైన డీఎస్పీ, ఈ డిపార్ట్‌మెంటుకు హెడ్డు, అన్నిటికీ మించి నాకు ఈ పని నేర్పిన గురువు. "సార్ ఉంటే నీకేం భయం లేదు మేరీ" అని ఆ పిల్లకు ధైర్యం చెప్పాను.

హరితను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను.

అగళి పక్కన పల్లె పిల్ల. తల్లి ఉలిగమ్మ గొర్రెలు మేపుతుంది. ఎస్ఐ ఉద్యోగానికి రాతపరీక్ష, పరుగు అన్నీ గట్టెక్కి చివరి మెట్టు మీద నిలబడి ఉంది. ఇక కావలసినవి రెండే. వచ్చే నెల డిగ్రీ చేతికి రావాలి, పేరు మీద పోలీసు కేసు ఉండకూడదు. ఈ పూట అరెస్టయిందంటే ఆ ఉద్యోగం ఇక లేనట్టే.

"శామ్యూల్‌ను కొట్టిన పానా మీద నీ వేలిముద్రలుండాయి. ఎట్లొచ్చినాయి?"

"తెలీదు మేడమ్."

"సోమవారం ఆయనతో గొడవపడినావు. వరండాలో అందరూ విన్నారు. దేనికి?"

"ఊరికే మేడమ్."

"ఊరికే ఎవరూ పెద్దాయన్ని నోరు మూసుకో అనరు. హరితా, నాకుండేదే గంటన్నర. అందులో నువ్వు అప్పుడే ఐదు నిమిషాలు తినేస్తివి."

ఆ పిల్ల దుపట్టా కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"ఈ కోర్సును నమ్ముకోవద్దు పాపా అన్నాడు మేడమ్. యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిండాదంట, మా డిగ్రీ చెల్లదంట. తపాలా అంతా ఆయన చేతిమీదనే పోతాది కదా. మేరీని ఈడ చేర్పిద్దామనుకుంటాండాడు, అందుకని చదివినాడంట. నాకు కోపమొచ్చింది. మూడేండ్లు మా యమ్మ గొర్రెలమ్మి ఫీజు కట్టింది. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తాది మేడమ్, మళ్ల దాన్నే సంతకు తోలుకపోతాది. చెల్లదంటే ఎట్ల ఊరుకునేది?"

"ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"సార్ ఎవరికీ చెప్పొద్దన్నాడు. పరీక్షల ముందర అందరూ బెదురుకుంటారు, నేను చూసుకుంటా అన్నాడు."

"ఏ సార్?"

"వెంకటేశులు సారే. సోమవారం సాయంత్రం నేనే పోయి చెప్పినా. శామ్యూలన్న ఇట్లంటాండాడు సార్, నిజమేనా అని. నవ్వినాడు. ఉత్త పుకారు, పోయి చదువుకోపో అన్నాడు."

నా మనసు తేలికపడింది. సార్ పుకారన్నారంటే పుకారే. ఆయన మాట మీద నాకు ఇరవై ఏళ్లుగా అంత నమ్మకం.

"నిన్న క్లాసుకు పది నిమిషాలు లేటుగా వచ్చినావు. ఒంటిగంట నుంచి యాడుండావు?"

"ఆఫీసు ముందర బెంచీ మీద. సార్ ఫోన్ చేసి, నీ కాగితాల మీద సంతకాలు చెయ్యల్ల, ఆడనే కూర్చో, వస్తాండా అన్నాడు. రెండు దాటేవరకు చూసినా. రాలేదు. ధర్మవరంలో ఇరుక్కున్నాడంట పాపం."

అవును, రాత్రి ఆసుపత్రిలో సార్ నాతోనూ అదే చెప్పారు. కూతురి పెళ్లికి పట్టుచీర చెప్పారట. పన్నెండు నుంచి మూడింటి దాకా నేతగాడు పోతులయ్య ఇంట్లో మగ్గం పక్కనే కూర్చుని, అతను అంచు నేస్తుంటే చూస్తూ ఉండిపోయారట.

"బెంచీ మీద నిన్ను ఎవరన్నా చూసినారా?"

"అన్నాల టైము కదా మేడమ్. ఎవరూ లేరు."

పదీ యాభైకి ప్రాక్టికల్ గది తాళం తీయించాను. హరిప్రసాద్ నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

గదికి ఒకటే తలుపు. కిటికీలకు ఇనుప జాలీ. నేలమీద ఎండిన నెత్తురు, దాని చుట్టూ సున్నప్పొడి చెల్లాచెదురుగా ఉంది. నిన్న నేను పరుగెత్తి తొక్కింది, స్ట్రెచర్ మోసినవాళ్లు తొక్కింది కలిసి అలుకు పెట్టినట్టయింది. మూలన నా ఇనుప అల్మారా. దాని తాళం చెక్కుచెదరలేదు. లోపల నా క్లాసు వస్తువులు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో నంబరు. ఆరు ఉంది, ఎనిమిది ఉంది, ఏడు లేదు. కొట్టింది నా పానాతోనేనని అప్పుడు తట్టింది.

"ఏడో నంబరు పానా మా దగ్గరుండాది" అన్నాడు హరిప్రసాద్. "మీ అల్మారాదే కదా?"

"నాదే. పోయిన మంగళవారం క్లాసు చివర్లో వేలిముద్రల కోసం తలా ఒక వస్తువు పట్టుకోమన్నా. పానా హరితకిచ్చినా, ఏది ఎవరికిచ్చినానో రాసిన పట్టీ అల్మారాలోనే ఉండాది. ఈ వారం ముద్రలు తీయించాలని తుడవకుండా అట్లే లోపల పెట్టినా. మీకు దొరికినవి వారం కిందటి ముద్రలు."

"ముద్రల మీద తేదీ రాసుంటాదా మేడమ్?"

"రాసుండదు. కానీ పొద్దున మీరు చూపించిన ఫోటోలో అవి యాడుండాయో చూడండి. పానా ఎత్తి కొట్టేవాళ్లు పిడికిలి బిగిస్తారు. కొసలో బొటనవేలు, రెండు వేళ్లు పెట్టి పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటారా? క్లాసులో నేను పట్టుకోమన్నది అట్ల. రెండో కొస మీద ఒక్క ముద్రా లేదు, కొట్టినవాడు గుడ్డ చుట్టి అది పట్టుకున్నాడు."

అతను ఫోన్ తీసి పానా ఫోటోను పెద్దది చేసి చూశాడు. తెలివితక్కువవాడు కాదు, తొందర మనిషి.

"సరే, మీదే నిజమనుకుందాం. తాళం పగల్లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుండాది?"

"ఒకటి నా దగ్గర."

"అట్లయితే పాపను వదిలేసి మిమ్మల్ని తీసుకపోవల్ల."

"రెండోది మా సార్ దగ్గర. ఆయన నిన్న ధర్మవరంలో ఉండాడు."

"ఎవరు చెప్పినారు?"

"సారే."

"మీరు కనుక్కున్నారా?"

నేను అల్మారా తలుపు మూసి తాళం వేశాను.

"ఆ పాపను అరగంట గుచ్చిగుచ్చి అడిగినారు. మీ సారును ఒక్క మాట అడగలేదు. మీ పిల్లోళ్లకు ఇదేనా మేడమ్ నేర్పేది?"

చెంప మీద కొట్టినట్టయింది. నిన్న పిల్లలు రాసిన కాగితాల కట్ట విప్పాను. పద్దెనిమిది పటాలు, పద్దెనిమిది పంచనామాలు. వాళ్లు చేసింది ఎంత పాపమో గానీ, ఇంత వివరంగా నమోదైన నేరస్థలం నా సర్వీసులో చూడలేదు. వాటిని బల్లమీద పరిచాను.

ప్రతి పటంలోనూ శామ్యూల్ బొమ్మ చుట్టూ ఒక గీత ఉంది. పక్కన 'సున్నప్పొడి' అని రాశారు.

శవం చుట్టూ గీత గీసేది సినిమాల్లో. అసలు పనిలో అది సీనును పాడుచేస్తుందని, నా క్లాసులో గీస్తే రెండు మార్కులు కోస్తానని మొదటిరోజే చెప్పాను. క్రాంతి కుమార్ అనే కుర్రాడు పంచనామా చివర, 'శవం చుట్టూ గీత ఉండడం తప్పు, మేడమ్ కావాలనే పెట్టించినట్టున్నారు' అని కూడా రాశాడు. నేను పెట్టించలేదు. శామ్యూల్ గీసుకోనూ లేడు. పడుకున్న మనిషి తన చుట్టూ తానే సున్నం ఎలా పోసుకుంటాడు?

"కొట్టినోడే గీసినాడు" అన్నాను. "ఇది క్లాసు కోసం తయారుచేసిన సీనే అని పిల్లోళ్లు నమ్మల్ల, ఎవరూ తాకకూడదు. నేను వచ్చేది రెండూ నలభైకని, అంతలో మనిషి పోతాడని లెక్కేసుకున్నాడు."

"అయితే ఈ కాలేజీ పద్ధతి తెలిసినోడే."

"నా పద్ధతి తెలిసినోడు."

పద్దెనిమిదిలో పదకొండు మంది గీతను చుట్టూ మూసేశారు. గీత అంటే చుట్టూ ఉంటుందని అనుకుని గీసిన బొమ్మలవి. మిగతా ఏడుగురు మాత్రం తల దగ్గర కాస్త ఖాళీ వదిలారు. హరిత ఆలస్యంగా వచ్చి కూడా టేపు పెట్టి కొలిచింది. 'తల వైపు గీత కలవలేదు. ఖాళీ 22 సెం.మీ.'

జానెడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఇరవై ఏళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, ధర్మవరం రైలు పట్టాల పక్కన ఒక మనిషి పడి ఉన్నాడు. అప్పట్లో సీఐగా ఉన్న వెంకటేశులు సార్ సున్నప్పొడి డబ్బా నా చేతికిచ్చి గీయమన్నారు. నేను బుద్ధిగా చుట్టూ గీసి మూసేశాను. ఆయన వంగి, తల దగ్గర గీతను తన చెప్పుతో జానెడు చెరిపేశారు. "అన్ని పక్కలా మూసేస్తే డాక్టరు యాడనుంచి వస్తాడమ్మాయ్? మనం శవం అనుకున్నోడు ఒక్కోసారి శవం కాకపోవచ్చు. ఎప్పుడూ దారి వదలల్ల" అన్నారు. ఆ మాట విని నేను ఆయనకు శిష్యురాలినైపోయాను. ఆ సందు ఇంకెవరూ వదలగా నేను చూడలేదు. ఈ పిల్లలకు ఆయన చట్టాలు చెబుతారే గానీ గీతలు నేర్పలేదు. నేను అసలే నేర్పలేదు. నిన్న ఒక బతికున్న మనిషిని చావడానికి పడేసి, చేతి అలవాటు కొద్దీ తల దగ్గర దారి వదిలారు ఆయన.

హరిప్రసాద్‌కు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గీతలో సందుండాదని డీఎస్పీగా చేసినాయన్ని పట్టుకోలేను మేడమ్. ఇంకేమన్నా ఉండాదా?"

పోతులయ్యకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. సార్ పరిచయం చేసినందువల్ల నేనూ అతని దగ్గరే చీరలు కొంటాను.

"పోతులయ్యా, నిన్న మధ్యాహ్నం సార్ మీ ఇంటికి వచ్చినాడా?"

"రాలేదు మేడమ్."

"మగ్గం కాడ కూర్చున్నా అంటాండాడు, నువ్వు అంచు నేస్తాంటే."

"నిన్న అమావాస్య కదమ్మా! అమావాస్య పొద్దు మా ఇంట్లో ఎవరూ మగ్గం ముట్టరు. మా తాతల కాలం నుంచీ అంతే. తాళమేసుకుని అందరం కదిరికి పోయినాం. సార్‌కు అంచు పేటలు తెలుసు, జరీ తెలుసు గానీ, ఇది తెలీదేమో."

ఆయన చీర కొనే మనిషి, నేసే మనిషి కాదు. అక్కడ కాలు జారింది.

ఇప్పుడు హరిప్రసాదే తన ఫోన్ తీశాడు. యూనివర్సిటీ పరీక్షల విభాగం నంబరు పట్టుకోవడానికి అతనికి ఆరు నిమిషాలు పట్టింది. తానెవరో చెప్పి, ఈ కోర్సు సంగతి అడిగాడు.

అటువైపు గుమాస్తా గొంతులో విసుగు. "ఈ బ్యాచికి గుర్తింపు ఇవ్వలేదని పోయిన జూన్‌లోనే రాశాం కదండీ. డిగ్రీలు ఇవ్వడం కుదరదు. వాళ్ల హెడ్డుగారు సంతకం పెట్టి తీసుకున్నారు. పిల్లలకు నేను చెప్పుకుంటానని టైము అడిగారు. పోయిన వారం మళ్లీ గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం కూడా రాశాం. ఇంకా చెప్పలేదా?"

జూన్‌లో. ఆ తర్వాత పది నెలలు ఆయన ప్రతిరోజూ క్లాసుకు వచ్చి ఈ పిల్లలకు న్యాయం గురించి పాఠం చెప్పారు. ప్రతి మంగళవారం నాకు టీ తెప్పించి ఇచ్చారు. కాలేజీ కరపత్రం మీద ఆయన పేరు కింద నా పేరు ఉంది. నా పేరు చూసి చేరినవాళ్లూ ఉన్నారు. నాకు ఏడుపు రాలేదు. నన్ను ఇంత సులువుగా మోసం చేయగలిగిన మనిషి మరొకరు లేరు, ఎందుకంటే మరెవరినీ నేను ఇంతగా నమ్మలేదు.

గుమ్మంలో అలికిడైంది. హరిత నిలబడి ఉంది, వెనక కానిస్టేబుల్. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"అయితే శామ్యూలన్న నిజమే చెప్పినాడా మేడమ్?"

"నిజమే."

"నేను పోయి సార్‌కు చెప్పకుంటే ఆయన్ని కొట్టేవాడు కాదు కదా?"

డిగ్రీ పోయిందని ఆ పిల్ల అడగలేదు. మూడేళ్లు పోయాయని అనలేదు. గోడకు ఆనుకుని నేల మీదికి జారి, "నోరు మూసుకో అంటి మేడమ్, ఆయన్ని నేను నోరు మూసుకో అంటి" అంటూ మోకాళ్లలో ముఖం దాచుకుంది. బెంచీ మీద కూర్చోమన్న ఆ ఫోన్ ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఎవరి ముద్రలున్న పానా వాడారో ఆ పిల్లను, ఎవరూ చూడని చోట, ఎవరూ చూడని వేళ కూర్చోబెట్టారు.

"ఈ పాపను పంపించెయ్ అమ్మా" అని కానిస్టేబుల్‌తో అన్నాడు హరిప్రసాద్. తర్వాత నావైపు తిరిగాడు. "ఆయన ఇప్పుడు యాడుండాడు?"

నేను ఫోన్ అందుకుని లేచాను.

"హిందూపురంలో. శామ్యూల్ మంచం పక్కన."

"ఆడికి ఎట్ల పోయినాడు?"

"నేనే కూర్చోబెట్టి వచ్చినా."

అతను అప్పటికే గుమ్మం దాటాడు. బయటికి పరుగెత్తుతూనే హిందూపురం పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు. నేను అతని వెనకే పరుగెత్తుతూ మేరీకి కలిపాను. పదకొండూ నలభై. పెనుకొండ నుంచి ఆ ఆసుపత్రికి ఎంత తోలినా ముప్పావు గంట. నాలుగో రింగుకు ఎత్తింది.

"మేరీ, యాడుండావు?"

"కింద క్యాంటీన్ కాడ మేడమ్. నాయన ఇందాక కండ్లు తెరిచినాడు! నన్ను చూసి ఏమో చెప్పల్లని చూస్తాండాడు. సార్‌కు చెప్తే, బలే సంతోషపడినాడు. నువ్వు పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పోయి నాస్తా చేసిరాపో, నేనుంటా అన్నాడు."

"పైకి పో. ఉరుకు! నర్సులను పిలువు, ఎవరు కనపడితే వాళ్లను పిలువు. సార్‌ను నాయన దగ్గర ఉండనీయొద్దు."

"ఏమి మేడమ్? సార్ లోపల గడియ పెట్టుకుండాడు, నాయన నిద్ర చెడకుండా." ఆ పిల్ల గొంతులో మొదట అయోమయం, ఆ వెనకే భయం. మెట్లెక్కుతున్న ఆయాసం వినిపించింది. "మీరే కదా మేడమ్ చెప్పినారు, సార్ ఉంటే నాకేం భయం లేదని?"

"తలుపు కొట్టు మేరీ. అరువు. ఫోన్ పెట్టెయ్యొద్దు."

జీపు కదిలింది. నేను ఫోన్‌ను చెవికేసి అదిమి పట్టుకున్నాను. అటువైపు ఆ పిల్ల రెండు చేతులతో తలుపు బాదుతోంది. "నాయనా! నాయనా!" అని అరుస్తోంది. ఎవరో పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు.

ఆ చప్పుళ్ల మధ్య, లోపలి నుంచి, నాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన గొంతు, ఏ తొందరా లేకుండా, "ఎవరమ్మా అది?" అంది.